ఒక్క మీట పాలన

"ఇకమీదట ప్రభుత్వానికీ ప్రజలకీ మధ్య దూరం ఒక్క మీట" అని ప్రజా సౌకర్యాల మంత్రిగారు విలేకరుల ముందు ప్రకటించగానే, ఆయన వెనక నిలబడ్డ పీఏ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టడం అతని ఉద్యోగంలో భాగమే. అయినా ఈసారి మాత్రం మనస్ఫూర్తిగా కొట్టాడు. అతనికి అర్జంటుగా ఒక కల్వర్టు కావాలి.

మంత్రిగారు ఆ రోజు జాతికి అంకితం చేసిన అద్భుతం పేరు లాంచర్. కంప్యూటర్ తెర మధ్యలో చిన్న గడి ఒకటి వస్తుంది. మనం ముందే పెట్టుకున్న మాటని అందులో కొడితే, దానికి సంబంధించిన ఫైలు టక్కున ముందుకొచ్చి నిలబడుతుంది. అల్మరాలు తెరవక్కర్లేదు, గుమాస్తాని బతిమాలక్కర్లేదు, దుమ్ముకి తుమ్మక్కర్లేదు. అలా ముందే పెట్టుకున్న మాటని షార్ట్‌కట్ అంటారని మంత్రిగారు విలేకరులకి ఓపిగ్గా బోధించారు. తన దగ్గరికి అర్జీతో ఎవరొచ్చినా వాళ్ల కళ్లెదుటే, స్వహస్తాలతో ఆ పనికి ఒక షార్ట్‌కట్ పెడతానన్నారు. పనుల ఒత్తిడిలో తాను మరచిపోయినా కంప్యూటర్ మరచిపోదన్నారు.

ముందుగా నమూనా చూపించారు. గడిలో "ఏసీ" అని కొట్టారు. మంత్రిగారి గదికి రెండో ఏసీ కొన్న ఫైలు తెర మీద విచ్చుకుంది. కొటేషన్లు, మంజూరు ఉత్తర్వు, బిల్లు, గోడకి బిగించాక తీసిన ఫోటోతో సహా అన్నీ ఉన్నాయి. విలేకరులు ముక్కున వేలేసుకున్నారు.

తర్వాత అసలు కార్యక్రమం మొదలైంది. ఒక మాస్టారు తన బడికి పైకప్పు లేదన్నాడు. మంత్రిగారు "బడి" అని కొట్టారు. కంప్యూటర్ "టింగ్" అంది. షార్ట్‌కట్ చేరినట్టు తెర మీద పచ్చటి టిక్కు పడింది. మాస్టారు కళ్లు తుడుచుకున్నాడు. కొళాయి కావాలన్నావిడకి "కొళాయి" అని ఒకటి, వానకి తడుస్తున్న బస్సు డ్రైవర్లకి "షెడ్డు" అని ఒకటి. టింగ్, టింగ్. అందరూ వెళ్లిపోయాక కూడా పీఏ చేతులు నలుపుకుంటూ అక్కడే నిలబడ్డాడు.

"ఏమయ్యా, నీక్కూడా కావాలా ఏమిటి?" అన్నారు మంత్రిగారు.

పీఏ నీళ్లు నమిలాడు. మా వీధిలో చిన్న కల్వర్టు సార్, అన్నాడు. మంత్రిగారు మురిసిపోయి "కల్వర్టు" అని కొట్టారు. టింగ్.

ప్రతి షార్ట్‌కట్‌కీ అది ఎక్కడికి వెళ్లాలో చిరునామా కూడా ఇవ్వాలి. ఆ పని పీఏది. అతను దానికోసం బుర్ర బద్దలుకొట్టుకోలేదు. "హామీలు" అనే చోట "బడి", "హామీలు" అనే చోట "కల్వర్టు" అంటూ చకచకా నింపేశాడు. అక్కడ ఇంకా ఏమీ లేదు నిజమే, ఫైళ్లు తెరిచాక అవే వచ్చి కూర్చుంటాయి. ఇల్లు కట్టకముందే గడపకి నంబరు వేయడం ఆ శాఖలో మొదటినుంచీ ఉన్న పద్ధతే.

ఇక కల్వర్టు సంగతి. పీఏ ఉండే వీధికీ అతని ఇంటికీ మధ్య మురుగు కాలువ ఉంది. దాని మీద ఒక చెక్క పలక ఉంది. అత్తగారు చుట్టపు చూపుగా వచ్చి, రెండు రోజులుండి వెళ్లిపోతానంటూ ఆ పలక మీద అడుగు పెట్టింది. పలక తన పని తాను చేసింది. ఆవిడ కాలు మోకాలిదాకా మురుగులో దిగింది, చెప్పు కొట్టుకుపోయింది. ఆ కాలు కడుక్కుంటూనే ఆవిడ శపథం చేసింది. కల్వర్టు కట్టేదాకా ఆ పలక తొక్కనంది. పలక తొక్కకుండా ఆ ఇంట్లోంచి బయటికి వెళ్లే దారి లేదు. కాబట్టి ఆవిడ వెళ్లలేదు.

ఆనాటినుంచి మంచం ఆవిడది, ఫ్యాను ఆవిడది, టీవీ ఆవిడది. పీఏ పడక హాల్లోకి, ఫ్రిజ్ పక్కకి మారింది. రోజుకొక్కసారి వార్తల్లో మంత్రిగారి భుజం వెనక తన ఎడమ చెవి కనిపిస్తుంది. దాన్ని చూసుకోవడం ఒక్కటే అతనికి మిగిలిన సరదా. సీరియళ్ల మధ్యలో ఆవిడ ఆ ఒక్క నిమిషమూ ఇచ్చేది కాదు. చివరికి తెగించి, రిమోట్‌లోని బ్యాటరీలు తీసి చొక్కా జేబులో వేసుకుని ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టాడు. ఆవిడేం తక్కువ తిందా, కూతుర్ని కేకేసి టీవీ మీట నొక్కించుకునేది. పీఏ భార్యకి వంటింటికీ టీవీకీ మధ్య తిరగడంతోనే సరిపోయేది. ఈ ఇంట్లో ఎవరో ఒకరు కాలువ దాటాలి, మీరో మా అమ్మో తేల్చుకోండి అని ఆవిడ ఒకటి రెండుసార్లు అంది కూడా.

అందుకే ఆ సాయంత్రం పీఏ ఇంటికి హుషారుగా వచ్చాడు. సాక్షాత్తూ మంత్రిగారే షార్ట్‌కట్ పెట్టారని చెప్పాడు. అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"పెట్టె సర్దుకోమంటారా అల్లుడుగారూ?"

"ఒక్క నాలుగు రోజులు అత్తయ్యగారూ" అన్నాడు పీఏ.

రాత్రి ఆపేసిన కంప్యూటర్ మర్నాడు పొద్దున వేసి చూస్తే బడి లేదు, కొళాయి లేదు, షెడ్డు లేదు, కల్వర్టు లేదు. ఏసీ ఒక్కటి ఉంది. పీఏ గప్‌చుప్‌గా మళ్లీ అన్నీ పెట్టాడు. ఆ మర్నాడు మళ్లీ లేవు. ఏసీ ఉంది.

విషయం మంత్రిగారి దాకా వెళ్లింది. ఆయన ఏమాత్రం తొణకలేదు. సమస్య ఎంత పెద్దదైతే కమిటీ అంత పెద్దదిగా ఉండాలనేది ఆయన సిద్ధాంతం. సెక్రటరీగారి అధ్యక్షతన, ఐటీ డైరెక్టర్ మొదలైనవాళ్లు సభ్యులుగా కమిటీ వేశారు. మిగతావన్నీ చెరిగిపోతూ ఏసీ మాత్రమే ఎందుకు మిగులుతోందో తేల్చడం కమిటీ పని.

ఐటీ డైరెక్టర్ చూసీ చూడగానే పట్టేశాడు. ఏసీ అనేది రెండక్షరాల మాట. పేరు పొట్టిదైతే కంప్యూటర్‌కి గుర్తుంటుంది, పొడుగైతే మోయలేదు. వెంటనే ప్రజలు తమ కష్టాలని రెండక్షరాలకి కుదించుకుని రావాలని ప్రకటన వెలువడింది. షెడ్డువాళ్లకి ఇబ్బంది లేదు. కొళాయి ఆవిడ "నీళ్లు" అని మార్చుకుంది. కల్వర్టుని రెండక్షరాల్లో ఎలా ఇరికించాలో తోచక పీఏ తల గోక్కుని, చివరికి "అత్త" అని పెట్టాడు. పొద్దున్నకి అత్త కూడా మాయమైంది. మొదటినుంచీ రెండక్షరాలే ఉన్న బడి కూడా మాయమైంది గానీ, కమిటీ దాన్ని పట్టించుకోలేదు.

రెండోసారి డైరెక్టర్ లోతుగా వెళ్లాడు. లాంచర్‌ని అన్ని అధికారాలూ ఉండే అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడపాలన్నాడు. సెక్రటరీగారి ముఖం ఎర్రబడింది. శాఖకి అడ్మినిస్ట్రేటర్‌గా తానుండగా ఒక సాఫ్ట్‌వేర్ ఆ హోదాలో ఎలా నడుస్తుందని నిలదీశారు.

"పేరుకే సార్" అన్నాడు డైరెక్టర్.

"అన్నీ పేరుకే మొదలవుతాయి. నా కుర్చీ కూడా పేరుకే మొదలైంది."

ఫైలు మూడు బల్లలు తిరిగాక రాజీ కుదిరింది. లాంచర్‌కి ఇన్‌ఛార్జి అడ్మినిస్ట్రేటర్‌గా తాత్కాలిక బాధ్యతలు అప్పగిస్తూ, అదనపు జీతభత్యాలు ఉండవని స్పష్టం చేస్తూ ఉత్తర్వు వచ్చింది. కాపీ ఒకటి కంప్యూటర్ నెత్తిన అంటించారు. కొత్త ఇన్‌ఛార్జి బాధ్యతలు స్వీకరించిన మర్నాడు ఏసీ తప్ప ఏదీ గుర్తుపెట్టుకోలేదు.

ఈలోగా పీఏ ఊరికే కూర్చోలేదు. కింది అంతస్తులో ఫైళ్లు తెరిచే సెక్షన్‌కి స్వయంగా వెళ్లి, కల్వర్టు ఫైలు తెరిచి పుణ్యం కట్టుకోండి అని సూపరింటెండెంట్‌ని అడిగాడు. సూపరింటెండెంట్ మర్యాదస్తుడు. కుర్చీ చూపించి కూర్చోబెట్టి, నిబంధన మారిందని చెప్పాడు. ఒక్క మీట పాలన వచ్చాక ముందు మంత్రిగారి కంప్యూటర్లో షార్ట్‌కట్ స్థిరపడాలి, ఆ తర్వాతే సెక్షన్ ఫైలు తెరవాలి. స్థిరపడటం అంటే ఏమిటని పీఏ అడిగాడు. కంప్యూటర్ రీస్టార్ట్ అయినా, అంటే ఆపి మళ్లీ వేసినా, చెరగకుండా ఉండటమని సూపరింటెండెంట్ వివరించాడు.

మూడో పరిష్కారం మంత్రిగారిదే. అసలు రీస్టార్ట్ చేస్తేనే కదా మరచిపోయేది, చేయడం మానేద్దాం అన్నారు. కమిటీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "రీస్టార్ట్ చేయరాదు" అని ఎర్ర అక్షరాలతో బోర్డు కట్టారు. స్విచ్చు పక్కన ముక్కాలిపీట వేసి గార్డుని కూర్చోబెట్టారు. చీపురు తగిలి తీగ ఊడుతుందేమోనని గది ఊడ్చేవాళ్లని లోపలికి రానివ్వలేదు. కంప్యూటర్ వేడెక్కకూడదని రెండు ఏసీలూ పగలూ రాత్రీ వేశారు. మంత్రిగారు శాలువా కప్పుకుని, ముక్కు తుడుచుకుంటూ, దుమ్ములో కూర్చుని ప్రజాసేవ చేశారు. షార్ట్‌కట్లు చెక్కు చెదరలేదు. వచ్చినవాళ్లందరికీ తెర మీద వాళ్ల మాట చూపించేవారు. వాళ్లు దాన్ని కళ్లారా చూసుకుని వెళ్లేవారు. మాస్టారైతే పిల్లల్ని కూడా వెంటబెట్టుకొచ్చి బడిని చూపించాడు.

పెద్దాయనకి ఈ కబురు అందింది. పెద్దాయనంటే మంత్రులందరికీ పైనున్నాయన. స్వయంగా వచ్చి చూస్తానని, బాగుంటే ఉత్తమ శాఖ పురస్కారం ఇస్తానని కబురు పెట్టాడు. మంత్రిగారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. సరిగ్గా అప్పుడే తెర మీద ఒక నోటీసు వచ్చింది. అప్‌డేట్లు సిద్ధంగా ఉన్నాయట, కాసేపట్లో కంప్యూటర్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుందట.

"తర్వాత చూద్దామని చెప్పు" అన్నారు మంత్రిగారు.

"తర్వాత అనే మీట ఇవ్వలేదు సార్" అన్నాడు పీఏ.

మంత్రిగారు నిర్ఘాంతపోయారు. తర్వాత అనే వీలు లేకుండా ఎవరైనా పరిపాలన చేయగలరా అని అడిగారు. తెర నల్లబడింది, మళ్లీ వెలిగింది. ఏసీ ఉంది.

మంత్రిగారు శాలువా తీసి కుర్చీ మీద వేసి, పీఏని దగ్గరికి పిలిచి, చాలా మృదువుగా చెప్పారు. "చూడవయ్యా, పెద్దాయన వచ్చేసరికి ఇది అన్నీ గుర్తుపెట్టుకోవాలి. లేకపోతే నేను నిన్ను మరచిపోతాను."

ఉద్యోగం ఊడితే పీఏ ఇక పొద్దస్తమానం ఇంట్లోనే ఉండాలి. అత్తగారితో. ఆ దృశ్యం కళ్లముందు మెదలగానే, కమిటీకి ఇన్నాళ్లూ తట్టని పని ఒకటి అతనికి తట్టింది. లాంచర్ తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేశాడు. ఒకమ్మాయి పలికింది. మీ లాంచర్‌కి మతిమరుపు అని, ఏసీ తప్ప ఏమీ గుర్తుండటం లేదని మొరపెట్టుకున్నాడు.

"ఏసీ నొక్కితే ఏం తెరుచుకుంటుంది సార్?"

"ఏసీ ఫైలు."

"మిగతావి నొక్కితే?"

పీఏ ఆలోచనలో పడ్డాడు. మిగతావాటిని పెట్టారు, చూశారు, చూపించారు, ఫోటోలు తీశారు. నొక్కడం మాత్రం ఎవరూ నొక్కలేదు. ఒకసారి నొక్కి చూడండి అంది ఆ అమ్మాయి. కల్వర్టుని మళ్లీ పెట్టి నొక్కాడు. మీరు చెప్పిన చోట ఏమీ లేదని తెర మీద పడింది.

"మా లాంచర్ ఏదీ మరచిపోదు సార్" అంది ఆ అమ్మాయి. "రీస్టార్ట్ అయినప్పుడల్లా ప్రతి షార్ట్‌కట్ చిరునామాకీ వెళ్లి చూసొస్తుంది. అక్కడ ఏమీ లేకపోతే తీసేస్తుంది, అంతే."

"వెళ్లి చూసొస్తుందా?"

"చూసొస్తుంది సార్."

పీఏ ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు. హామీ ఇచ్చిన చోటికి వెళ్లి, అక్కడ ఏముందో చూసి రావడమనేది ఆ శాఖలో అతను ఎన్నడూ విననిది. అలా చూడకుండా దాన్ని ఆపొచ్చా అని అడిగాడు. అది దాని స్వభావం, మార్చలేమంది. ఆ చిరునామాలో ఆ పేరుతో ఒక ఫోల్డర్ ఉంటే చాలు, ఇంక చెరగదంది.

పీఏ గొంతు తగ్గించాడు. "ఖాళీదైనా పర్వాలేదా అమ్మా?"

"ఉందా లేదా అనే చూస్తుంది సార్. లోపలేముందో దానికి అనవసరం."

ఫోన్ పెట్టేసి పీఏ మంత్రిగారికి విన్నవించుకున్నాడు. షార్ట్‌కట్ నిలవాలంటే ఫైలుండాలి. ఫైలు తెరవాలంటే షార్ట్‌కట్ నిలవాలి. మధ్యలో ఒక ఖాళీ ఫోల్డర్ పెట్టేస్తే రెండూ కుదురుతాయి. ముందు షార్ట్‌కట్ స్థిరపడుతుంది, ఆ వెంటనే సెక్షన్‌వాళ్లు అసలు ఫైలు తెరుస్తారు. మంత్రిగారు కళ్లు మూసుకుని విన్నారు. ఇన్నాళ్లూ అనవసరంగా ఒక నిజాయితీపరుణ్ణి అనుమానించామంటూ కంప్యూటర్ మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టారు. పీఏ ఆ మధ్యాహ్నమంతా కూర్చుని ఖాళీ ఫోల్డర్లు పెట్టాడు. కల్వర్టుది అన్నిటికంటే ముందు పెట్టాడు. అత్త అనే పేరు తీసేసి, పొడుగు పేరే మళ్లీ ఇచ్చాడు.

పెద్దాయన వచ్చిన రోజు ఆ గదిలో గాలి దూరే సందు లేదు. మంత్రిగారు అందరి ముందూ, గార్డు వారిస్తున్నా వినకుండా, కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేశారు. తెర వెలిగింది. బడి ఉంది, కొళాయి ఉంది, షెడ్డు ఉంది, కల్వర్టు ఉంది. హర్షధ్వానాలు. ఏదీ, ఒకటి నొక్కండి చూద్దాం అన్నాడు పెద్దాయన. మంత్రిగారు కంగారులో ఏసీ నొక్కబోయి, చేతికందిన కల్వర్టు నొక్కారు. తెర నిండా తెల్లటి ఫోల్డర్ పరుచుకుంది. అందులో ఏమీ లేదు.

"లోపలేమీ లేదేమిటండీ?" అన్నాడు వెనకనుంచి ఒక విలేకరి.

"పారదర్శకత" అన్నారు మంత్రిగారు. "ఇంకొకరైతే అడ్డంగా ఏవో కాగితాలు పెట్టేవారు."

పీఏ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. పురస్కారం షీల్డుని పెట్టడానికి గదిలో చోటు చాలక, రెండో ఏసీ కింద మేకు కొట్టి తగిలించారు.

సభ ముగియగానే పీఏ మెట్లు రెండేసి చొప్పున దిగి సెక్షన్‌కి పరుగెత్తాడు. షార్ట్‌కట్ స్థిరపడింది, పెద్దాయనే సాక్షి, ఇక కల్వర్టు ఫైలు తెరవండి అన్నాడు. సూపరింటెండెంట్ కుర్చీ చూపించి కూర్చోబెట్టి, కంప్యూటర్లో వెతికి, సంతోషంగా తలెత్తాడు.

"ఇది ఆల్రెడీ ఉందండీ. మళ్లీ తెరిస్తే డూప్లికేట్ అవుతుంది, కుదరదు."

"అది ఖాళీదండీ. నేనే పెట్టాను."

"ఖాళీ అంటే మరీ మంచిది. లోపల ఒక్క కాగితం లేదంటే, పెండింగ్ ఏమీ లేదన్నట్టే" అన్నాడు సూపరింటెండెంట్, అతని చెయ్యి పట్టుకుని అభినందిస్తూ. "బడీ, కొళాయీ, షెడ్డూ కూడా అంతే. శాఖ మొత్తం మీద పెండింగ్ నిల్. ఇందాకే పైకి రిపోర్ట్ పంపించాం."

పీఏ ఇంటి దారి పట్టాడు. వీధి చివర మాస్టారు ఎదురై, టీవీలో మా బడి కనబడింది, మీ మేలు మరచిపోలేమని దండం పెట్టాడు. పీఏ కూడా దండం పెట్టాడు. కాలువ దగ్గర ఆగి, పలక మీద ఒక కాలు పెట్టి, అది ఊగడం మానేదాకా చూసి, రెండో కాలు పెట్టి దాటాడు.

గుమ్మంలో అత్తగారి పెట్టె సర్ది ఉంది. పైన సంచీ, సంచీ పక్కన కొత్త చెప్పుల జత. ఆవిడ తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, కుర్చీ అంచున కూర్చుని ఉంది. పీఏ భార్య కూడా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చాలా రోజుల తర్వాత ఆవిడ ముఖంలో నవ్వుంది.

"టీవీలో చూశాను అల్లుడుగారూ" అంది అత్తగారు. "పెద్దాయన ఎదుటే మన కల్వర్టు తెరిచారు. తెల్లగా, ఎంత శుభ్రంగా ఉందో. ఇక అది చెరిగిపోదు కదా?"

"చెరగదు అత్తయ్యగారూ. ఇంకెప్పటికీ చెరగదు" అన్నాడు పీఏ.

అని, చొక్కా జేబులోంచి బ్యాటరీలు తీశాడు. టీవీ పక్కనున్న రిమోట్ అందుకుని, వాటిని అందులో వేసి, మూత బిగించి ఆవిడ చేతిలో పెట్టాడు. తర్వాత గుమ్మంలోని పెట్టె ఎత్తి లోపలికి తీసుకెళ్లాడు.